సర్దని పక్క

నార్వేలో సముద్రం ఒడ్డున ఒక చిన్న పాత హోటల్. తెల్ల రంగు వేసిన చెక్క ఇల్లు, కాలు మోపితే కిర్రుమనే మెట్లు, కిటికీ తీస్తే ఎదురుగా బూడిద రంగు నీళ్లు. నిన్న సాయంత్రం వచ్చాను. పొద్దున మెలకువ రాగానే ముందు ముక్కుకు తగిలింది దుప్పటి వాసన. యంత్రంలో ఆరిన గుడ్డకు ఈ వాసన రాదు. ఉప్పు గాలికి తీగ మీద ఆరిన గుడ్డకే వస్తుంది. కళ్లు తెరవకుండానే "సువార్తక్క వచ్చి పోయినట్టుంది" అనుకున్నాను. ఆ తర్వాత నాకే నవ్వొచ్చింది. ఆమె ఇప్పుడు కువైట్‌లో ఉంది, ఈ దుప్పటి ఆరేసిందెవరో నాకు తెలియదు.

నేను దుబాయ్‌లో ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. గదులు శుభ్రం చేసే ఆడవాళ్ల పని చూసుకుంటాను. సెలవుకు ఊరికి పోకుండా నార్వే పోతానంటే దుబాయ్‌లోని నైఫ్ పేటలో నాతో గది పంచుకునేవాళ్లు నోరు తెరిచారు. జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఉన్న చెల్లెలు ఫోన్లోనే దులిపేసింది. "ఏడాదంత హోటల్లనే సస్తవు గదనే అక్కా. సెలవుకు గూడ మల్ల హోటలేనా? పిచ్చి లేసిందా నీకు?" అంది. పిచ్చే అనుకోండి. ఇన్నేళ్లు ఎండలో ఉడికినదాన్ని, చల్లటి సముద్రం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. గది తుడిచే మనిషి ఆ గదిలో పడుకుంటే లోకానికి వచ్చే నష్టమేమిటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. ఆ ప్రశ్న అడగడం నాకు నేర్పింది సువార్తక్కే.

దుబాయ్‌కి రాకముందు నేను పనిచేసింది కొంచెం అవతల, ఉమ్ అల్ కువైన్‌లో. అక్కడ సముద్రానికి ఎదురుగా ఒక పాత ముత్యాల వ్యాపారి ఇల్లుంది. పగడపు రాళ్లతో కట్టిన మందపాటి గోడలు, చెక్కిన తలుపులు, నడిమధ్య వాకిలి. దాన్ని చిన్న హోటల్‌గా మార్చారు. దుబాయ్ నుంచి వారాంతాల్లో జనం వచ్చి గోడలు తడిమి మురిసిపోయేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు. గదులు చేసే మేమంతా వెనక రేకుల గదిలో, ఒకదాని మీద ఒకటి పేర్చిన మంచాల మీద పడుకునేవాళ్లం. మాకు పెద్ద సువార్తక్క. నరసాపురం వైపు మనిషి. పొట్టిగా, దిట్టంగా ఉండేది. ప్రార్థనకు వెళ్లినప్పుడు ఎంత నెమ్మదిగా పాడేదో, పనిలో మా మీద అంత గట్టిగా అరిచేది. తెల్ల గుడ్డలు డ్రయ్యర్లో వేయనిచ్చేది కాదు. డాబా మీద తీగలు కట్టించి ఆరేయించేది. మాకు రెట్టింపు చాకిరీ. గొణిగితే, "సముద్రం పక్కన పడుకున్నామని ముక్కుకి కూడా తెలియాలి" అనేది. మేం చాటుగా ఆమెను వెక్కిరించేవాళ్లం. ఆమెకు తెలుసు కూడా.

కరోనా వచ్చిన ఏడాది హోటల్ మూతపడింది. రేకుల గదిలో ఒకరు దగ్గితే మిగిలినవాళ్లం ఊపిరి బిగబట్టుకుని గోడ వైపు తిరిగేవాళ్లం. ఒక మధ్యాహ్నం సువార్తక్క తాళాల గుత్తితో వచ్చి, "లేవండే, తలా ఒక గది. సామాన్లు తెచ్చుకోండి" అంది. అప్పటి మేనేజర్‌ని ఏం చెప్పి ఒప్పించిందో ఏమో. నాకు సముద్రం వైపు గది వచ్చింది. నేను వందలసార్లు దులిపిన మంచం అది. మొదటిసారి దాని మీద వెల్లకిలా పడుకున్నాను. పైకప్పు దూలాల మధ్య ఖర్జూరపు ఆకుల చాప అల్లి ఉందని అప్పుడు చూశాను. ఏడాదిగా ఆ గదిలో తలవంచుకుని నేల, మంచం, కమోడు మాత్రమే చూశాను మరి. ఆ రాత్రి దిండు కింద చేతులు పెట్టుకుని, ఎవరైనా వచ్చి లేపుతారేమోనని చెవులు రిక్కించుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి పక్క సర్దాను. బాత్రూమ్ రుద్ది కడిగాను, అద్దం తుడిచాను, నేల మీద నా వెంట్రుక ఒక్కటి కూడా లేకుండా ఏరి పారేశాను. సువార్తక్క వచ్చి గుమ్మంలో నిలబడి గదంతా కలియజూసింది. మెచ్చుకుంటుందని ఎదురు చూశాను.

"రాత్రి ఈ గదిలో ఎవరు పడుకున్నారే?" అంది.

"నేనే అక్కా."

"అబద్ధం. ఇక్కడెవరూ పడుకోలేదు. మనిషన్నవాళ్లుంటే గది ఇలా ఉంటుందా?"

"మంచిగున్న గదిని గలీజు చేసుడెందుకని..."

"ఆపవే. వచ్చినోళ్ల పక్క సర్దడం మన పని, దానికి జీతమిస్తున్నారు. నువ్వున్న ఆనవాలు నువ్వే తుడిచేసుకోమని నీకెవరు చెప్పారు? ఉన్నదానివి ఉన్నట్టుండవే గంగామణీ."

ఊరికే తిట్టి పోలేదు. సర్దిన పక్క తన చేత్తోనే లాగి చెరిపేసింది. నన్ను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, "కదిలావంటే కాళ్లిరగ్గొడతా" అని బెదిరించి, నా కళ్ల ముందే ఆ పక్క మళ్లీ సర్దింది, దిండ్లు దులిపింది, తువ్వాళ్లు మార్చింది. నాకు ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నట్టుంది. పెద్దమనిషి నాకు చాకిరీ చేస్తుంటే చూస్తూ కూర్చోవడం కన్నా రెండు చెంపదెబ్బలు తినడం నయమనిపించింది. అన్నీ అయ్యాక ఆమె గుమ్మం దగ్గర ఆగి, బయటి నుంచి వచ్చేవాళ్లకు చెప్పినట్టే, "ఇంకేమైనా కావాలా మేడమ్?" అని అడిగింది. నేను ఏడ్చాను. ఆమె నవ్వుతూ వెళ్లిపోయింది.

హోటల్ మళ్లీ తెరిచాక మేం రేకుల గదికి తిరిగి వచ్చాం. కానీ సువార్తక్క ఆ అలవాటును పోనివ్వలేదు. జనం రాని వారం మధ్య రోజుల్లో, ఖాళీగా ఉన్న గదిలో, మాలో ఒకరిని వంతు ప్రకారం పడుకోమనేది. మర్నాడు ఆ గది ఇంకొకరు చేయాలి. పడుకున్న మనిషి భోజనాల హాల్లో కూర్చుని చాయ్ తాగాలి. "పడుకుని చూడకపోతే గదిలో లోపాలు ఎలా తెలుస్తాయి సార్?" అని పాత మేనేజర్‌కి చెప్పింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అసలు కారణం లోపాలు కాదని ఆయనకూ తెలుసనుకుంటాను.

తర్వాత ఆయన వెళ్లిపోయి కొత్త మేనేజర్ వచ్చాడు, ముదీర్ అనేవాళ్లం. పెద్ద పెద్ద హోటళ్లలో చేసి వచ్చినవాడు, నవ్వు కూడా కొలిచి నవ్వేవాడు. ఆ రోజు వంతు నాది. నేర్చుకున్న పాఠం ప్రకారం పక్కను ఉన్నదున్నట్టు వదిలేసి, తడి తువ్వాలు కుర్చీ మీద పడేసి, కింద దర్జాగా చాయ్ తాగుతున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన ఖాళీ గదులు చూసుకుంటూ వచ్చి ఆ తలుపు తీశాడు. నలిగిన దుప్పటి, దిండు మీద నా కొబ్బరినూనె మరక. నన్నూ సువార్తక్కనూ అక్కడికే పిలిపించాడు.

"ఇధర్ కౌన్ సోయా?" అన్నాడు, ఇక్కడ పడుకున్నదెవరని.

"గంగామణి సోయా సార్. మై బోలా" అంది సువార్తక్క, పడుకోమన్నది తనేనని.

ఆయన గొంతు తగ్గించాడు. హిందీలో, ఎంతో మంచిగా, దారి చూపిస్తున్నట్టు ఆమెకు చెప్పాడు. నువ్వు పాత మనిషివి, నీకు చెప్పకుండా ఈ పిల్ల దొంగతనంగా దూరిందని అను. దీన్ని పంపించేస్తాను, నువ్వు నీ పని చేసుకో, ఖలాస్. ఊళ్లో ఇల్లు మొత్తం నా జీతం మీద నడుస్తోంది. వీసా రద్దయితే ఏ ముఖం పెట్టుకుని పోవాలి? సువార్తక్క ఆ మాట అంటే అయిపోతుంది. అనడానికి ఆమెకూ కారణాలున్నాయి, ఆమె మీద ఆధారపడ్డవాళ్లూ ఉన్నారు.

"దొంగతనంగా వస్తే తాళం ఎవరిచ్చారు సార్? నేనిచ్చాను. రేపు ఇంకోళ్లకి ఇస్తాను" అంది.

"ఇది గెస్టుల గది."

"ఇదీ గెస్టే సార్. నేను పిలిచిన గెస్టు."

ఆయన నా వైపు తిరిగాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, "హా సార్, మై సోయీ. అచ్ఛా నీంద్ ఆయా" అని, హాయిగా నిద్రపట్టిందని కూడా అనేశాను. ఆయన మొహం చూడాలి అప్పుడు. సీజన్ మొదలవుతోంది, గదులు చేసే చేతులు కావాలి, అందుకని నన్ను ఉంచాడు. సువార్తక్క వీసా మాత్రం రద్దు చేయించాడు.

ఆ సాయంత్రం డాబా మీద ఆరిన గుడ్డలు తీస్తూ నేను వెక్కి వెక్కి ఏడ్చాను. "ఎప్పటిలెక్క పక్క సర్దేసి ఉంటే ఏం గాకపోవు గదా అక్కా. నా వల్లనే అయింది ఇదంతా."

"నీ వల్లే అయింది" అంది. "ఇన్నాళ్లు అరిచి చచ్చాను, ఒక్కదానికైనా తలకెక్కింది. ఏడుపాపి ఆ కొస పట్టుకో, మంచు పడేలోపు మడతెయ్యాలి."

వెళ్లిపోయే ముందు ఆమె చేసిన పని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఈస్టర్‌కు కట్టుకునే చీర కట్టుకుని, భుజాన సంచి వేసుకుని, ముందు తలుపులోంచి వచ్చి రిసెప్షన్‌లో గది అడిగింది. తన పేరు మీద, తన సొమ్ముతో, సముద్రం వైపు గది. ముదీర్ అక్కడే ఉన్నాడు. గది ఖాళీ, మనిషి ఎదురుగా ఉంది, కాదనడానికి ఏ సాకూ లేదు. ఆమె తొందరపడలేదు. ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడింది. చివరికి "వెల్కమ్ మేడమ్" అన్నాడు. "థ్యాంక్యూ సార్. గదికి చాయ్ పంపించండి, పంచదార తక్కువ" అంది. వాకిలి తుడుస్తున్న నేను స్తంభం చాటుకు పోయి నవ్వు ఆపుకోలేక నోట్లో చున్నీ కుక్కుకున్నాను.

మర్నాడు ఆ గది నా వాటాకు వచ్చింది. అప్పటికే ఆమె ఎయిర్‌పోర్టుకు బయల్దేరింది. దుప్పటి సగం మంచం మీద, సగం నేల మీద. దిండ్లన్నీ వాడింది. తువ్వాళ్లన్నీ తడిపింది. కప్పులో చాయ్ అడుగు, కిటికీ గూట్లో అరటిపండు తొక్క, అద్దం మీద నీటి చుక్కలు. ఏళ్ల తరబడి ఆ హోటల్లో పక్కలు సర్దిన మనిషి, ఒక్క మడత కూడా సరిచేయకుండా లేచిపోయింది. తలుపు దగ్గరే నిలబడి చాలాసేపు చూశాను. ఆ తర్వాత ఆ గదిని ఏ షేక్ వచ్చినా చేయనంత శ్రద్ధగా చేశాను.

దుబాయ్ హోటల్ వాళ్లు నన్ను సూపర్‌వైజర్‌ని చేస్తామన్నప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే. కొత్తగా చేరిన ప్రతి మనిషీ ఒక రాత్రి అతిథిగా ఉండాలి. మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, ఇంకెవరినైనా చూసుకుంటామన్నారు. చూసుకోండి అన్నాను. చూసుకోలేదు. మా దగ్గర ఇప్పుడది పద్ధతి, ఎవరి దయా దాక్షిణ్యం కాదు. పక్క సర్దేసి బయటికొచ్చిన పిల్లను వెనక్కి పంపి, నేనే వెళ్లి చెరిపి, మళ్లీ సర్దుతాను. నన్నూ చాటుగా వెక్కిరిస్తారు, తెలుసు.

నార్వే పోతున్నానని చెబితే సువార్తక్క వాయిస్ మెసేజ్ పెట్టింది. "వెళ్లు. అక్కడికెళ్లి దుప్పటి మడతెట్టావని తెలిసిందో, నాకిక ఫోన్ చెయ్యకు." ఇందాక ఆ మాట తలచుకుని నవ్వుకుంటూ, పక్క అలాగే వదిలేసి గదిలోంచి బయటికొచ్చాను. మెట్ల దగ్గర ఎదురు గది పెద్దావిడ నన్ను చూసి ఆగి, తమ గదికి ఇంకో రెండు తువ్వాళ్లు కావాలని ఇంగ్లీషులో అడిగింది. మర్యాదగానే అడిగింది. నా రంగు చూసి పనిమనిషిననుకుంది. పక్కనే గుడ్డల అలమర తెరిచి ఉంది. నా చెయ్యి, దానికేం తెలుసు పాపం, సగం దాకా పోయింది కూడా. వెనక్కి తీసుకున్నాను.

"నేనిక్కడ అతిథిని. మీ ఎదురు గదే నాది" అన్నాను.

ఆవిడ మొహం కందిపోయింది. ఒకసారి సారీ అంది, మళ్లీ అంది, నా మొహంలోకి చూస్తూ నిలబడింది. అలాంటప్పుడు ఎదుటివాళ్ల ఇబ్బంది చూడలేక పర్వాలేదండీ అనేయడం నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఈసారి అనలేదు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి కోటు జేబులో పెట్టుకుని, టిఫిన్ చేయడానికి కిందికి దిగాను.