టికెట్ల యెర్కో, లూత్సె బంతి

"పొద్దున్నే ఎంత పట్టించావు?"

రేవులో కొత్తగా చేరిన పోలీసు యెర్కోని అడిగిన మొదటి ప్రశ్న ఇది. యెర్కోకి అప్పుడు పంతొమ్మిదేళ్లు. చంకలో రొట్టె పెట్టుకుని ఇంటికి పోతున్నాడు. మోకాళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, కుడిచెయ్యి తన మానాన తాను గాలిలో తిరుగుతోంది. జవాబు చెబుదామని నోరు తెరిచాడు. అతనికి మాట రావడానికి కాస్త సమయం పడుతుంది, వచ్చిందీ ముద్దగా వస్తుంది. దాంతో పోలీసుకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

"ఇంకా లేదు," అన్నాడు యెర్కో చివరికి. "మీరు పోయిస్తానంటే కాదనను."

పోయించాడు కూడా. మా దీవిలో క్షమాపణ చెప్పడం కన్నా గ్లాసు నింపడం తేలిక.

యెర్కోది సెరిబ్రల్ పాల్సీ. పుట్టేటప్పుడు మెదడుకి తగిలిన దెబ్బ. అది ముదరదు, మానదు, ఎవరికీ అంటదు. మెదడు చెయ్యి చాపమంటుంది, ఆ కబురు కండరాలకు తప్పుగా చేరుతుంది. కొన్ని బిగుసుకుపోతాయి, కొన్ని ఇష్టమొచ్చినట్టు ఆడతాయి. కొందరు పిల్లలకు చదువు కూడా కష్టమవుతుంది, చాలామందికి కాదు. యెర్కో బుర్ర భేషుగ్గా ఉంది, దాన్ని ఎక్కువగా పేకాటలో మోసానికి వాడతాడు. ఈ సంగతులన్నీ అవతలి ఒడ్డున స్ప్లిట్ పట్నంలో డాక్టరు అతని తల్లికి ఓపిగ్గా చెప్పాడు. ఆవిడా ఓపిగ్గా విని, ఇంటికొచ్చి కిటికీలు మూసేసింది.

ఎందుకంటే మావాళ్ల లెక్కలో రోగాలన్నిటికీ మూలం ఒకటే, ఎదురెదురు కిటికీల మధ్య వీచే గాలి. మెడ పట్టినా అదే, పన్ను సలిపినా అదే. యెర్కో పుట్టిన పూట మంత్రసాని సముద్రం వైపు కిటికీ తీసిందని ఊరు తేల్చేసింది. మంత్రసాని చేసిన తప్పుకి పిల్లాడు ఏళ్ల తరబడి ఆగస్టు ఎండల్లో కూడా ఉన్ని చొక్కాలో ఉడికాడు. వేసవి వస్తే నడుందాకా వేడి ఇసుకలో పాతిపెట్టేవాళ్లు. కాళ్లు బాగుపడలేదు గానీ ఓసారి పీత కరిచింది. తన కాళ్లకు స్పర్శ ఉందని ఊరికి తెలిసింది ఆ పీత వల్లేనని యెర్కో ఇప్పటికీ దాన్ని మెచ్చుకుంటాడు.

పనికొచ్చినవి వేరే. రోజూ కాళ్లు సాగదీసే వ్యాయామం, పాదాలు నేలకానే కుర్చీ, జవాబు పూర్తయ్యేదాకా ఆగిన ఒక పంతులమ్మ. పెద్దయ్యాక ఓడ టికెట్ల గదిలో ఉద్యోగం దొరికింది. వరసలో ఉన్నవాళ్లు ఆలస్యమైందని గొణిగితే ఓడ కూడా ఆలస్యమేనంటాడు. అది నిజమే అవుతుంది ఎప్పుడూ. ఒక ఆదివారం చర్చిలో ఫాదర్ అతన్ని చూపించి, బాధని చిరునవ్వుతో మోస్తున్న మనిషి అన్నాడట. ఆ చిరునవ్వు ముందురోజు రాత్రి పేకాటలో గెలిచినందుకని యెర్కో బయటికొచ్చి అందరికీ వివరించాడు.

కిందటేడు వసంతంలో ఫిలొమేనా అత్త ఇంటికి మనవరాలు లూత్సె వచ్చింది. ఆరేళ్ల పిల్ల. యెర్కోకున్నదే దానికీ ఉంది. మంచి ఎండలో మెడదాకా ఉన్ని కప్పి, అత్త దాన్ని ఎత్తుకుని తిరుగుతుంటే యెర్కో వీధి అవతలి నుంచే గుర్తుపట్టాడు, పిల్లని కాదు, ఆ ఉన్నిని. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాడు.

"నీకేం కావాలే?" అని అడిగాడు పిల్లని.

"దానికి పాలు కావాలి," అంది అత్త.

"నిన్నడగలేదత్తా."

మాట కోసం పిల్ల నోరు తిరగడం మొదలైంది. అత్త రెండుసార్లు మాట అందుకోబోయింది, యెర్కో రెండుసార్లూ వేలెత్తి ఆపాడు. కాఫీ చల్లారిపోయింది. చివరికి మాట బయటపడింది. "బలోటె."

బలోటె మా ముసలాళ్ల ఆట. ఇసుక పరిచిన బాటలో బులిన్ అనే చిన్న బంతిని విసిరి, పెద్ద బంతుల్ని దాని దగ్గరికి దొర్లించాలి. మూసిన కిటికీ వెనక కూర్చుని లూత్సె రోజూ ఆ బంతుల చప్పుడూ, ముసలాళ్ల తిట్లూ వింటోంది. తనకీ ఆడాలనుంది. పిల్లలతో, పక్కన, ఉత్తుత్తికి కాదు. సెయింట్ రోకో పండగ పోటీలో, వాళ్లతోనే.

జనం చూస్తారని అత్త బెంగ.

"చూడనీ," అన్నాడు యెర్కో. "టికెట్లు కూడా పెడదాం. అమ్మడం నాకు కొత్తా?"

స్ప్లిట్ నుంచి వారం వారం వచ్చే ఫిజియో అమ్మాయి ఇలాంటి పిల్లలు వాలుపలక మీద బంతి దొర్లించి ఇదే తరహా ఆట ఎన్నో దేశాల్లో ఆడుతున్నారని చెప్పింది. యెర్కో చూరుకి కట్టే వాననీళ్ల రేకు గొట్టాన్ని నిలువునా చీల్చి పలక చేశాడు. కుర్చీలో లూత్సె పాదాల కింద చెక్కపెట్టె పెట్టాడు. కాళ్లకు ఆధారం లేకపోతే ఉన్న బలమంతా పడిపోకుండా ఉండటానికే ఖర్చవుతుంది. గొట్టం ఎటు తిప్పాలో లూత్సె చెబుతుంది, యెర్కో ఆటకి వీపు పెట్టి కూర్చుని తిప్పుతాడు. చూస్తే తన తెలివి కలుపుతాడని ఆ నియమం. కుడికని, ఎడమకని ఇద్దరూ పెరట్లో పోట్లాడుకునేవాళ్లు. మూడో రోజుకి చెమట పట్టి లూత్సె ఉన్ని చొక్కా విప్పించుకుంది.

అసలు కష్టం ముసలాళ్లతో వచ్చింది. ఉన్నట్టుండి ఎవరైనా అరిస్తే ఆ పిల్ల ఒళ్లంతా బిగుసుకుపోతుంది. మావాళ్లకేమో ఆటంటే సగం అరుపులే. పిల్ల బంతి వదిలేదాకా నోరు మూసుకోమని యెర్కో వాళ్లను బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. బెదిరింపు పనిచేసింది, టికెట్ల గది అతనిది కదా.

పండగనాడు యెర్కో, లూత్సె ఒక జట్టు. అవతల కుజ్మా బాబాయ్, అతని బావమరిది. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు నీళ్లు కలిపిన వైన్ పోయించాలి, ఎవరి వాటా వాళ్లే కట్టాలి. చివరి బంతి దాకా సమానంగా నడిచింది. ఆఖరిది లూత్సెది. గొట్టంలోంచి జారి, ఇసుకలో మెల్లగా దొర్లి, బులిన్‌కి జానెడు దూరంలో ఆగింది. కుజ్మా బంతి ఇంకాస్త దగ్గరుంది.

కొలవడానికి వంగినట్టు వంగి, కుజ్మా బాబాయ్ బూటు కొనతో బులిన్‌ని లూత్సె బంతి వైపు నెట్టాడు. అందరూ చూశారు, చూసి సముద్రం వైపు తిరిగారు. తర్వాత చప్పట్లు. ఫిలొమేనా అత్త ఏడుస్తూ శిలువ గుర్తు వేసుకుంది. వీపు పెట్టి కూర్చున్న యెర్కోకి ఏమీ తెలియలేదు.

లూత్సె నోరు తిరుగుతోంది.

"సంతోషంతో మాట రావట్లేదు పాపం," అన్నాడు కుజ్మా.

"ఆగు బాబాయ్," అన్నాడు యెర్కో. "ఏదో చెబుతోంది."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంత జనం అంతసేపు ఊరుకోవడం మా దీవిలో అంత్యక్రియలప్పుడు కూడా చూడలేదు.

"నువ్వు... జరిపావు... తాతా."

"పోనీలేవే," అంది అత్త. "ముద్దుకొద్దీ జరిపాడు."

"పెట్టు," అంది లూత్సె.

కుజ్మా బాబాయ్ చెవులదాకా ఎర్రబడ్డాడు. బులిన్‌ని ఎక్కణ్ణుంచి నెట్టాడో అక్కడే, ఇసుకలో గుంట చూసుకుని మరీ పెట్టాడు. కొలిచారు. అతని బంతే దగ్గర. లూత్సె ఓడిపోయింది, కాసేపు కోపంగా ఏడ్చింది కూడా. ఓడినవాళ్లు ఏడవడం మామూలే.

యెర్కో తన వాటా కట్టాడు. అత్త పర్సు తీస్తే లూత్సె తల అడ్డంగా ఊపింది. చిన్నపిల్ల, వదిలేయమని ఎవరో అన్నారు. కుజ్మా బాబాయ్ ఈసారి తప్పు చెయ్యలేదు.

"వదలను," అన్నాడు. "ఆదివారం ఆటకొస్తుందిగా. అప్పుడు రాబట్టుకుంటా."

అప్పటి నుంచి లూత్సె ప్రతి ఆదివారం ఆడుతోంది. కొన్ని గెలిచింది, ఎక్కువ ఓడింది. కుజ్మా బాబాయ్ ప్రతిసారీ అడుగుతాడు. అతని మీదే గెలిచి తీరుస్తానంటుంది లూత్సె. పండగనాటి మూడు యూరోల అరవై సెంట్లు ఇంకా బాకీనే.