నా పేరు మీద తీసిన లైన్ క్లియర్

పదవీ విరమణకు ఆరేళ్లు ఉన్నాయనగా, ఆషాఢం మొదట్లో నన్ను శాలిబండకు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. విద్యుత్ శాఖలో అది లైన్‌మన్లకు పైన, అసిస్టెంట్ ఇంజినీరుకు కింద ఉండే ఉద్యోగం. నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా గ్రంథాలయంలో సంపాదించుకున్నాను. భద్రతా నియమాలు పేజీ నంబరుతో సహా చెప్పగలిగేవాణ్ణి. ఆఫీసులో అది ఇంకెవరికీ చేతనయ్యేది కాదు.

ఆ వారమే ఛత్రినాకలో, బోనాల ముందు తీగలు మార్చే పని పడింది. ఇలాంటి పనికి ముందు లైన్ ఇన్‌స్పెక్టర్ సబ్‌స్టేషన్ నుంచి తన పేరు మీద లైన్ క్లియర్, అంటే ఎల్.సి., తీసుకుంటాడు. అతను తిరిగి ఇచ్చేదాకా ఆ లైన్‌లోకి కరెంటు వదలరు. ఆపైన, పనిచేసే చోటుకు రెండు వైపులా తీగలకు ఎర్త్ రాడ్లు తగిలిస్తారు. పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోతుంది. ఎవరు తగిలించినవి వారే తీయాలి.

ఒక వైపు లైన్‌మన్ యాదగిరి తగిలించాడు. మనుషులు తక్కువై రెండో వైపు నేనే తగిలించాను. పని ముగిశాక లైన్ క్లియర్ తిరిగి ఇచ్చేశాను. కరెంటు వదలగానే లైన్ ట్రిప్పయి సరఫరా ఆగిపోయింది. నా రాడ్లు తీగల మీదే ఉన్నాయి.

యాదగిరే మళ్లీ ఎక్కి వాటిని తీశాడు. అంతలో ఇంజినీరుగారు వచ్చి, మరిచిపోయింది ఎవరని అందరి ముందూ అడిగారు. అన్ని పుస్తకాలు చదివిన నాకు "నేనే" అనడానికి నోరు రాలేదు. "యాదగిరి" అన్నాను. రిపోర్టులోనూ అదే రాశాను.

సస్పెండ్ ఎందుకు చేయకూడదో చెప్పమంటూ అతనికి మెమో వచ్చింది. అది పట్టుకుని టీ బండి దగ్గర నా ముందు నిలబడ్డాడు.

"మీరు మస్తు చదివిండ్రు గద సార్. గా రాడ్లు ఎవరు ఏసిండ్రో ఏ పేజీల ఉన్నదో జర చెప్పుండ్రి."

పక్కవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

"ఇగ మీ పేరు మీద ఎల్.సి. ఉంటే నేను పోల్ ఎక్క."

ఆ ఆదివారం మా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల. ఎవరితోనైనా తగవు ఉంటే ముందు వెళ్లి సరిచేసుకోమని పాస్టరుగారు ప్రతిసారీ చెబుతారు. రొట్టె పళ్లెం నా దగ్గరకు వచ్చినప్పుడు తీసుకోకుండా పక్కవారికి అందించాను. దారిలో మా ఆవిడ, ఒంట్లో బాగోలేదా అని అడిగింది. రేపు ఆఫీసులో ఒకటి చెప్పాలి అన్నాను.

సోమవారం హాజరు వేళ అందరి ముందూ నిజం చెప్పి, యాదగిరిని క్షమించమని అడిగాను. రిపోర్టు వెనక్కి తీసుకుంటూ కాగితం ఇచ్చాను. "సాల్మన్‌గారూ, గదిలో చెబితే సరిపోయేది కదా" అన్నారు ఇంజినీరుగారు. తప్పు గదిలో మోపలేదు కదండీ అన్నాను.

 యాదగిరి హెల్మెట్ తీసుకుని, "మాదన్నపేట మార్కెట్ కాడ పనున్నది. ఎల్.సి. తీయండ్రి సార్" అన్నాడు.

"ఎవరి పేరు మీద?"

"మీ పేరు మీదనే. రాడ్లు మాత్రం ఇద్దరం లెక్క చూద్దాం."

అతని మెమో రద్దయింది. నా సర్వీసు రిజిస్టర్‌లో మందలింపు పడింది. అందులోని నాలుగు ప్రశంసల కంటే దాన్నే నేను గర్వంగా చూపిస్తాను. తప్పు ఎందరి ముందు మోపామో అందరి ముందే ఒప్పుకోవాలి. క్షమించమని అడగడం వరకే మన పని. క్షమించారా లేదా అన్నది, మన పేరు మీద వాళ్లు మళ్లీ స్తంభం ఎక్కినప్పుడు తెలుస్తుంది.