కొండ వీధిలో వెనక్కి తోలిన జీపు

పోయిన వారం విశాఖపట్నం నుంచి మా మనవరాలు ఫోను చేసి అరగంటసేపు ఆ ఊరిని తిట్టిపోసింది. ఉద్యోగంలో చేరి ఇంకా నెల తిరగలేదు, నరసరావుపేట నుంచి తన చిన్న కారును ముచ్చటపడి తోలుకుపోయింది, తీరా అక్కడికి వెళితే వీధికో ఎత్తు, ఎత్తుకో మలుపు, కారు పెడదామంటే జానెడు చోటు ఉండదు, దొరికిన చోట పెడితే ఇంటివాళ్ళు బయటికొచ్చి దెబ్బలాట. చివరికి రెండు వీధుల అవతల ఎక్కడో పెట్టి, ఆఫీసు దాకా చెమటలు కక్కుకుంటూ ఎక్కుతోందట. అదంతా చెప్పి, నీకేం తెలుస్తుందిలే అమ్మమ్మా, మన ఊళ్ళో అంతా చదునేగా అని ముక్తాయించింది. నాకు నవ్వాగలేదు. వాళ్ళమ్మకు నాలుగేళ్ళప్పుడు, అదే ఊళ్ళో, పట్టుచీర కట్టుకుని, చెప్పులు విప్పి పక్కన పెట్టి, కొండ వీధిలో జీపును వెనక్కి తోలినదాన్ని నేను. ఈవిడ గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటారేమో, అనుకోండి. డెబ్బై దాటాక కూడా చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకుంటాను?

మాది రొంపిచెర్ల. మా నాన్న అక్కడ ఒక పెద్ద ఆసామి దగ్గర ట్రాక్టరు డ్రైవరు. ఊరంతటికీ రెండో మూడో ట్రాక్టర్లున్న ఆ కాలంలో డ్రైవరంటే ఎంత మర్యాదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పొలంలో దిగితే మజ్జిగ చెంబు ముందు ఆయన చేతికే వచ్చేది. నేను ఇంట్లో పెద్దదాన్ని, తమ్ముడు నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. నాన్నకు అన్నం క్యారియరు తీసుకుపోయేది నేనే కాబట్టి, ఆయన తింటున్నంతసేపూ ఆ సీటు మీద కూర్చునేదాన్ని. కూర్చున్న పిల్ల ఊరికే ఉంటుందా? ఒకరోజు నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి, క్లచ్చి ఇది, బ్రేకు ఇది అని మొదలుపెట్టాడు. ముందుకు తోలడం నాలుగు రోజుల్లో వచ్చేసింది. వెనక ట్రక్కు తగిలించి, దాని నిండా మిరపకాయల బస్తాలు, అదే టిక్కీలు, ఎత్తి, ఇరుకు దొడ్లోకి వెనక్కి పెట్టడం మాత్రం రెండేళ్ళు పట్టింది. ట్రక్కు ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి, కుడికి పోవాలంటే ఎడమకు తిప్పాలి, అదీ ట్రక్కు వంకర తిరగబోయే ముందే తిప్పాలి, తిరిగాక తిప్పితే అంతా అయిపోయినట్టే. నాన్న వెనక నిలబడి చెయ్యి ఊపుతూ రానీ, రానీ అనేవాడు. ఆ దొడ్డి గోడను నేను ఎన్నిసార్లు గుద్దానో లెక్కలేదు.

ఊళ్ళో వాళ్ళు ఊరుకోలేదు. ఆడపిల్లకి స్టీరింగు నేర్పుతున్నావేందయ్యా, రేపు దీన్ని ఎవురు చేసుకుంటారు అని మా మేనత్తే అందరి ముందూ దులిపింది. నాన్న తాపీగా, "ఎద్దులబండి తోలితే లేని తప్పు ట్రాక్టరు తోలితే ఏంది అక్కా?" అన్నాడు. చేసుకునేవాడు దొరికాడు లెండి. నేను టీచరు ట్రైనింగు చదివి నరసరావుపేటలో బడిపంతులమ్మను అయ్యాను, మావారూ బడిపంతులే, ఆయనకు సైకిలు తప్ప ఇంకేదీ రాదు. లైసెన్సు తెచ్చుకున్ననాడు ఆ ఆఫీసు వరసలో చీర కట్టుకున్నది నేనొక్కదాన్నే.

ఇక తమ్ముడి పెళ్ళి. వాడికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది, అక్కడి మాలాంటి క్రైస్తవ విశ్వాసుల కుటుంబంలోనే సంబంధం కుదిరింది. పెళ్ళి కూడా ఆ పిల్ల వాళ్ళ గుడిలోనే, కొండ మీద. పది గంటలకు ఆరాధన మొదలవ్వాలి, పదకొండున్నరకు అదే గుడిలో ఇంకో పెళ్ళి ఉంది, ఆలస్యమైతే మీ పెళ్ళి సాయంత్రానికి జరపాల్సి వస్తుందని పాస్టరుగారు ముందే ఉత్తరం రాయించారు. పల్నాడు వాళ్ళు టైముకు రారేమోనని పెళ్ళికూతురి తాతగారు నలుగురిలో అన్నారన్న మాట కూడా మా చెవిన పడింది. నాన్నకు రోషం వచ్చింది. ఆసామిని అడిగి జీపు ఇప్పించుకుని, నా కొడుకును నా చేత్తో తోలుకుపోయి పది గంటలకల్లా గుడి ముందు దించుతా అని ఊరందరి ముందూ మాట ఇచ్చాడు. జీవితమంతా ఇంకొకరి పంట, ఇంకొకరి పెళ్ళిబృందాలు తోలిన మనిషి. సొంత బిడ్డను పెళ్ళికి తోలుకుపోవాలన్న ఆ ఒక్క కోరిక ఎంత పెద్దదో నాకు అప్పుడే తెలుసు.

మావారూ, పిల్లా, మిగతా చుట్టాలూ రైల్లో వెళ్ళారు. జీపులో నాన్న, అమ్మ, మేనత్త, తమ్ముడు, నేను. ప్రార్థన చేసుకుని తెల్లారగానే బయలుదేరాం. కాసేపు నేను తోలతానంటే నాన్న వినలేదు. దారిలో ఎడమవైపు సైకిళ్ళకు మరీ దగ్గరగా పోతున్నావని అమ్మ రెండుసార్లు కసిరింది, అలసట అనుకున్నాం. పొద్దు గూకకముందే చేరి కొండ కింద విడిదింట్లో దిగాం.

మర్నాడు తొమ్మిదింటికి ముస్తాబై ఎక్కాం. విడిది నుంచి గుడికి పది నిమిషాల దారే అన్నారు. అయితే మా పల్నాడులో ఎవరూ హ్యాండ్ బ్రేకు వాడరు. చదును నేల, ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది, అవసరమేముంది? ఊరి నుంచి బయలుదేరినప్పుడే ఆ పిడికి అమ్మ తన సంచీ తగిలించింది, ఆ రోజు కూడా బైబిలూ, పూలూ, మంచినీళ్ళ సీసా ఉన్న సంచీ దానికే వేలాడుతోంది. వీధి నిటారుగా ఉంది, రెండు పక్కలా మేడ మీద మేడ కట్టినట్టు ఇళ్ళు, గుమ్మాల్లో స్కూటర్లు, మెట్ల మీద జనం. సగం ఎక్కాక దారి అడగడానికి నాన్న అలవాటు చొప్పున జీపు ఆపి, బ్రేకు మీంచి కాలు తీసి, పక్కకు వంగాడు. జీపు వెనక్కి జారింది. చేపల బుట్ట దించుకుని కూర్చున్న ఒక ముసలావిడ కేక పెట్టింది, అమ్మ "ప్రభువా" అంది, నాన్న బ్రేకు తొక్కేసరికి మా పై ప్రాణాలు పైనే పోయాయి. మేనత్త వెనక నుంచి, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట, మనకెందుకు వచ్చిన కొండలురా నాయనా అని మొదలుపెట్టింది.

అంతలో పైనుంచి నీళ్ళ ట్యాంకరు దిగింది. దాని వెనక రెండు ఆటోలు, అది వెనక్కి పోయే వీలు లేదు. మేమే కింది మలుపు దాకా వెనక్కి దిగాలి. తొమ్మిదిన్నర దాటింది. నాన్న రివర్సు వేసి, కుడివైపు తల బయటపెట్టి దిగడం మొదలుపెట్టాడు. నాలుగు బారలు పోయామో లేదో ఎడమవైపు గోడకు గీసుకుంది. ముందుకు తెచ్చి మళ్ళీ దింపాడు, మళ్ళీ గోడే. పక్క సీట్లో ఉన్న నేను అప్పుడు చూశాను. నాన్న ఎడమవైపు చూడటమే లేదు. చూడాల్సి వస్తే మెడ మొత్తం తిప్పి, కుడికన్నుతో చూస్తున్నాడు. ట్యాంకరు వాడు హారను కొడుతున్నాడు, మెట్ల మీద జనం తలో సలహా ఇస్తున్నారు, కొత్త కోటు వేసుకుని వెనక కూర్చున్న తమ్ముడి ముఖం పాలిపోయింది.

నాన్న బ్రేకు నొక్కి పట్టుకుని, నా వైపు వంగి, నాకొక్కదానికే వినబడేట్టు చెప్పాడు. "ఎడం కంటికి ఏడాది నుంచీ మసగ్గా ఉంటంది అమ్మాయ్. ఎవురికీ చెప్పలా. నువ్వు రా ఇటు." ఏడాది నుంచి! కన్ను పోయిందంటే ఆసామి ఇంకో డ్రైవరును పెట్టుకుంటాడు, అందుకని ఆ మనిషి అంత దిగులునూ కడుపులో పెట్టుకుని తిరిగాడు. ఇప్పుడు కొడుకు పెళ్ళినాడు, ఊరంతటికీ మాట ఇచ్చి, ఇంత జనం చూస్తుండగా సీటు దిగుతున్నాడు.

అమ్మ సంచీ తీసి ఆమె ఒళ్ళో పడేసి, హ్యాండ్ బ్రేకు పట్టి బలంకొద్దీ లాగాను. నాన్న దిగాడు, నేను జరిగి కూర్చున్నాను. కుచ్చిళ్ళు ఎగదోపి, చెప్పులు విప్పేశాను. నాన్న వెనక్కి పోయి నిలబడ్డాడు. నేను వెనక్కి తిరిగితే గుడ్డ కప్పు, దాని కింద మేనత్త బెదురుచూపులు తప్ప ఏమీ కనబడలేదు, చూడటం మానేసి నాన్న గొంతు మీదే మనసు పెట్టాను. "రానీ... రానీ... కొంచెం కుడికి ఇరుచు... ఇంకా చానా ఉంది, రానీ... ఆగు! ఇప్పుడు తిన్నగా." రొంపిచెర్ల దొడ్లో పద్నాలుగేళ్ళ పిల్లకు ఎట్లా చెప్పాడో అట్లాగే చెప్పాడు, గొంతులో తొందర లేదు. ఒక్క స్కూటరును తాకకుండా, కాలవలో చక్రం దిగకుండా మలుపు దాకా దిగాం. ట్యాంకరు వాడు పోతూ పోతూ తల బయటపెట్టి నన్ను చూసి, హారను ఆపేశాడు.

తర్వాత ఎక్కడం ఇంకో కథ. ఫస్టు గేరులో, క్లచ్చి సగం మీద పట్టి, హ్యాండ్ బ్రేకు మెల్లగా వదులుతూ ఎక్కించాను. నాన్న మళ్ళీ ఎక్కలేదు, ఎక్కడన్నా జారితే పెడదామని చెరో చేతిలో ఒక రాయి పట్టుకుని, కొత్త పంచె ఎగ్గట్టి జీపు వెనకే నడిచాడు. పెళ్ళికొడుకు తండ్రి అలా రాళ్ళు పట్టుకుని రావడం నాకు పక్క అద్దంలో కనబడుతూనే ఉంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

గుడి ముందు ఆ వాలు మీద బండ్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ పెట్టి ఉన్నాయి. ఒక కారుకూ ప్రహరీకీ మధ్య ఒకే ఒక్క సందు. గేటు దగ్గర పెళ్ళికూతురి తాతగారు, చుట్టూ పెదనాన్నలూ మేనమామలూ, అందరూ గడియారాలు చూసుకుంటున్నారు. నేను ఆగలేదు. ముందుకు పోయి, నాన్న చెయ్యి చూసుకుని, ఒక్క విడతలో ఆ సందులోకి వెనక్కి పెట్టాను. నాన్న రెండు చక్రాలకూ రెండు రాళ్ళు ఒత్తి పెట్టాడు. పదికి ఇంకా అయిదు నిమిషాలుంది.

తాతగారు మెట్లు దిగి వచ్చి నాన్నతో, "ఏటండీ, ఇంత ఇరుకులో ఒక్క దెబ్బకి పెట్టేసినాడు, మీ డ్రైవరు గట్టోడే!" అన్నారు. అప్పుడు నేను చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. ఆయన నా చేతిలోని చెప్పుల్నీ జీపునూ మార్చి మార్చి చూశారు. మా నాన్న చేతుల మట్టి దులుపుకుంటూ, "డ్రైవరు కాదండీ, మా పెద్దమ్మాయి. నేనే నేర్పా" అన్నాడు. నాకు తర్వాత మంచి టీచరని శాలువా కప్పారు, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను, సొంతిల్లు కట్టాను. కానీ నాన్న నోట ఆ మూడు ముక్కలు విన్నప్పుడు కలిగినంత గర్వం మళ్ళీ కలగలేదు.

తిరుగు ప్రయాణంలో కొత్త దంపతులను కూడా ఎక్కించుకుని దారి పొడుగునా నేనే తోలాను. రొంపిచెర్ల పొలిమేరకు రాగానే జీపు ఆపాను. ఊళ్ళోకి ఆయనే తోలుకుపోతే బాగుంటుందని, ఎవరికీ తెలియక్కర్లేదని నా ఉద్దేశం. నాన్న నా వంక చూసి, "ఆగావేంది? పోనీ" అన్నాడు. సరాసరి ఆసామి దొడ్లోకే తోలించి, తాళం చేతిలో పెట్టి, గోడ గీతలు చూపించి, కన్ను సంగతి ఆయనే చెప్పాడు. ఇంక నా చేతికి బండి ఇవ్వబాకండయ్యా, ఆ వీధిలో గోడ కాకుండా బిడ్డ ఎవురన్నా ఉంటే ఏమయ్యేది అన్నాడు. తమ్ముడి ముందు, కొత్త కోడలి ముందు, అమ్మ ముందు, పాలేర్ల ముందు. నేను స్టీరింగు పట్టుకునే కూర్చుని విన్నాను. వెనక్కి తోలడం ఎవరైనా నేర్చుకోవచ్చు, ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం అందరికీ ఉండదు, మా నాన్నకు ఉంది.

తర్వాత ఆసామే నాన్నను గుంటూరు తీసుకుపోయి ఆపరేషను చేయించాడు. చూపు చాలావరకు వచ్చింది కానీ నాన్న మళ్ళీ సీటెక్కలేదు. బతికినన్నాళ్ళూ ఆ దొడ్లోకి ఏ బండి వెనక్కి వచ్చినా వెనక నిలబడింది ఆయనే; ఆయన రమ్మంటే రావడం, ఆగమంటే ఆగడం, డ్రైవర్లు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు కూడా కాదు.

ఇప్పుడు బండి వెనక ఏముందో బండే చూసుకుంటుంది, అదే కూత పెడుతుంది. మంచిదే, నాన్నలాంటి వాళ్ళు ఎవరికీ చెప్పుకోలేక కుమిలే అవస్థ తప్పింది. మొన్న మా వీధిలో ఎదురింటికి సామాను తెచ్చిన వ్యాను వెనక్కి వస్తుంటే, గుమ్మంలో కూర్చున్నదాన్ని నాకు తెలియకుండానే లేచి, వీధిలోకి వెళ్ళి, చెయ్యి ఊపుతూ రానీ, రానీ అన్నాను. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. నా మాట వినబడకుండానే అతను చక్కగా పెట్టేసి, దిగి, అడ్డంగా నిలబడ్డారేంటి మామ్మగారూ, పక్కకు రండి అన్నాడు.