వెనక సీటు లేని కారు

నేను కారు కొన్నానని తెలిసి అందరికంటే ముందు చూడ్డానికి వచ్చినాయన ఎదురింటాయన. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి లోపలికి చూసి, "వెనక సీటేదండీ?" అన్నాడు. లేదన్నాను. "విప్పించేసేరా?" అన్నాడు. పుట్టినప్పట్నించీ లేదండీ బాబూ, రెండే సీట్లు, అన్నాను. నన్నెవరో నిలువునా ముంచేసేరన్నట్టు జాలిగా చూసి వెళ్ళిపోయేడు. ఆ తరవాత వచ్చిన వాళ్ళందరిదీ అదే పాట. వెనక సీటు లేదు, పైన రేకు లేదు, ఉన్న గుడ్డ కప్పు కూడా వానొస్తే తప్ప వెయ్యరు. మరెందుకండీ ఇది, అని.

ఎందుకో చెప్తాను. నేను గల్ఫులో ఇరవై ఏళ్ళ పైచిలుకు ఒకే ఇంట్లో డ్రైవరుగా పనిచేసేను. మంచివాళ్ళే, జీతం ఎగ్గొట్టలేదు, చెయ్యెత్తలేదు. కానీ అన్నేళ్ళూ నా వెనకే కూర్చున్నారు. ఆపమన్నా, పోనిమ్మన్నా, ఏసీ పెంచమన్నా అన్నీ వెనక నించే. నేను వాళ్ళని అద్దంలో చూడ్డమే. ఆ ఇంట్లో పిల్లలు నా కళ్ళముందే పెద్దవాళ్ళయ్యేరంటే, వాళ్ళ నుదుళ్ళూ కళ్ళూ నాకు బాగా తెలుసు గానీ గడ్డాలు ఎలా ఉంటాయో సరిగ్గా తెలీదు. తిరిగి వచ్చేసిన రోజునే అనుకున్నాను, నా సొంత కారంటూ కొంటే అందులో నా వెనక మనిషి కూర్చోకూడదని. ఎక్కితే నా పక్కన ఎక్కాలి, లేకపోతే నడిచి పోవాలి.

రాజోలు పక్కన మా ఇంటికి నేను తిరిగొచ్చేక మా ఆవిడతో కలిసి ఉన్నది ఎంతోకాలం కాదు. పెరట్లో దొండపాదు వేసింది, అది కాపుకొచ్చేలోపల ఆవిడకి జబ్బు చేసింది. పిల్లలు లేరు. ఆవిడ పోయేక ఇంట్లో మిగిలింది నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. మధ్యాహ్నం అన్నం వండుకుని, కంచం ముందు పెట్టుకుని, ఎవరితోనూ ఏమీ అనక్కర్లేకుండా తినడమంటే ఏమిటో చెప్తే అర్థం కాదండీ. అదీ గల్ఫులో అలవాటే గానీ, అక్కడ సెలవు ఎప్పుడని ఎదురుచూసేవాణ్ణి. ఇక్కడ ఎదురుచూడ్డానికి కూడా ఏమీ లేదు.

అలాంటప్పుడు రామచంద్రపురంలో ఎవరో పాత రైసు మిల్లు అమ్మేస్తూ గోడౌనులో సామాను తీసేస్తున్నారనీ, అందులో విదేశీ కారొకటి ఉందనీ విన్నాను. ఊరికే చూసొద్దామని వెళ్ళేను. ఊక ధూళి కింద ఉంది, ముదురు తమలపాకు రంగులో, నేలకి అతుక్కుపోయినట్టు, చిన్నగా. మిల్లు యజమాని మనవడు చూపించేడు. వాళ్ళ తాతగారు కుర్రతనంలో మోజుపడి తెప్పించుకున్నారట. తరవాత సంసారం పెరిగింది, ఇంతమంది ఇందులో ఎక్కడ పడతారని మూల పెట్టేసేరట. అతనికి గోడౌను ఖాళీ అయితే చాలు. ఇప్పుడు జనం కొంటున్న కొత్త చిన్న కారు ధరలో సగానికే ఇస్తానన్నాడు.

నేనేం తొందరపళ్ళేదు లెండి. చొక్కా పాడైతే పాడైందని నేలమీద వెల్లకిలా పడుకుని కిందంతా చూసేను. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి జేబులో వేసుకెళ్ళేను. రేకు మీద అది అతుక్కుంటే ఇనుము, జారిపోతే లోపల తుప్పుని కప్పెట్టిన పుట్టీ. మన గోదారి గాలికి ఇనుము నిలవదు కదా. డ్రైవరు కాళ్ళ కింద రేకు పోయింది, చెయ్యి పెడితే పెళుసుగా ఊడొచ్చింది. మిగతాదంతా గట్టిగానే ఉంది. సీట్లో కూర్చుని చూసేను. కాళ్ళు తిన్నగా ముందుకి చాపుకుని, రోడ్డు మీదే కూర్చున్నట్టుంది. పక్కసీటు మీద చెయ్యి వేసేను. ఎంత దగ్గరో.

"మీకేనాండీ?" అన్నాడు ఆ అబ్బాయి.

"నాకే."

"అమ్మగారు ఇష్టపడతారాండీ ఇలాంటివి?"

"ఆయ్" అన్నాను.

అవునన్న ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలీదు. పోయిందని చెప్పొచ్చు కదా. చెప్పలేదు. ఇంజనుకీ నేలరేకుకీ పని చేయించి, కాయితాలవీ అయ్యేక తెచ్చుకునే రోజున, జొన్నాడ వంతెన దాటి రావులపాలెం మీదుగా వస్తూ దారి పొడుగునా ఆ ఆయ్ గురించే అనుకున్నాను. గల్ఫులో ఎడం పక్క కూర్చుని నడపడం అలవాటు కదా, గేరు మార్చాల్సినప్పుడల్లా నా కుడిచెయ్యి వెళ్ళి తలుపుకి కొట్టుకునేది. ఎడంచెయ్యి పనీపాటా లేకుండా ఒళ్ళో పడుండేది.

తీరా తెచ్చేక తెలిసింది, కోనసీమలో పైకప్పు లేని కారు పెట్టుకోడానికి చోటు లేదు. ఎక్కడ పెట్టినా పైన కొబ్బరిచెట్టే. మా ఇంటి ముందు నాలుగడుగుల ఖాళీ ఆకాశం లేదు. వచ్చిన వారంలోనే ఎండుమట్ట ఒకటి పడి గుడ్డకప్పు చీరేసింది. కాయ పడితే నా నెత్తే పోయుండును. కాయల దింపు తీసేవాణ్ణి పిలిచి ఆ చెట్టు కాయలన్నీ దింపెయ్యమంటే, "ఇంకా లేతవేనండీ, కారు కోసం కాయ పాడుచేస్తారేటండీ" అని నన్నే కోప్పడ్డాడు. వాడన్నదీ నిజమే. చివరికి ఆ చెట్టు కింద పాత వల కట్టించేను. చూసిన వాళ్ళు కారుకి దోమతెర కట్టేనని నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీండి.

సాయంత్రాలు కాలవ గట్టున రాజోలు దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. దార్లో తెలిసిన వాళ్ళు కనిపిస్తే ఆపి, ఎక్కండి, అనేవాణ్ణి. "ఇంకోసారి లెండి" అనేవారు. ఎదురింటాయన్ని అడిగితే, "అందులో కూర్చుంటే ఊరేగినట్టుంటుందండీ, నాకు మొహమాటం" అన్నాడు. బంధువులొస్తే నలుగురూ ఐదుగురూ వస్తారు, ఇద్దరి కారు వాళ్ళకెందుకు? పక్కసీట్లో కూరల సంచీ పెట్టుకుని వచ్చేవాణ్ణి. వంకాయలూ నేనూ. ఒకసారి మలుపులో సంచీ ఒరిగిపోతుంటే ఎడంచెయ్యి అడ్డం పెట్టి ఆపేను. అలా చెయ్యి పెట్టగానే ఏడుపొచ్చింది. వంకాయల సంచీకి ఏడ్చిన మగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మా అత్తగారిది కొత్తపేట దగ్గర. కొడుకు దగ్గర ఉంటారు. పాతకాలం మనిషి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అల్లుడి ఎదట కూర్చోడం కాదు కదా, పూర్తిగా ఎదటికొచ్చి నిలబడింది కూడా లేదు. నేను వసారాలో కూర్చుంటే ఆవిడ తలుపు వెనక నించి మాట్లాడతారు. నాకు తెలిసింది ఆవిడ గొంతూ, తలుపు పక్కన కనబడే చీర అంచూ. మా ఆవిడ పోయేక కూడా నేను అప్పుడప్పుడూ వెళ్ళొస్తూనే ఉన్నాను. మా ఆవిడ గురించి మాట్లాడుకోడానికి ఇంకెవరున్నారు గనక.

ఒకరోజు తలుపు వెనక నించి, "అల్లుడుగారూ, ఒకటి అడుగుతాను, కాదనకండి" అన్నారు. "అమ్మాయి అస్థికలు ఎక్కడ కలిపేరో నేను చూళ్ళేదు. మగవాళ్ళు వెళ్ళి వచ్చేసేరు. అబ్బాయినడిగితే నీకక్కడేం పని, మళ్ళీ ఏడుస్తావు, అంటాడు. ఒక్కసారి చూపిస్తారా?"

నేను కారు మాట్లాడుకొస్తానన్నాను. "సొంత కారుండగా అద్దె కారెందుకండీ" అన్నారు. సరే కదా అని రెండ్రోజుల్లో నా కారే తీసుకెళ్ళేను. ఆవిడ చేతిసంచీ పట్టుకుని వీధి గుమ్మం దాకా వచ్చేరు. కారుని చూసేరు. అక్కడే ఆగిపోయేరు. ఎంతసేపు చూసినా సీట్లు రెండే కదా. పైట తలమీదకి లాక్కుని, "నేను రాలేనండీ ఇందులో" అన్నారు.

నాకు తిక్క రేగింది. అద్దె కారు వద్దంటిరి, సొంత కారు తెస్తిని, ఇదీ వద్దంటే నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళనా అన్నాను. గట్టిగానే అన్నాను. "కోప్పడకండి" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయేరు. మా బావమరిది వచ్చి, "మా కారు తీసుకెళ్ళండి బావగారూ, అమ్మ వెనక కూర్చుంటుంది" అన్నాడు. అతను మంచికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ నేను ముందూ, మనిషి వెనకానా? మా ఆవిడ తల్లిని కూడా అద్దంలోనే చూడాలా? కారు తిప్పుకుని వచ్చేసేను. అంబాజీపేట దాటేసరికి కోపం పోయింది, పక్కసీటు ఖాళీగా ఉంది. ఇంటికొచ్చి అన్నం కూడా వండుకోలేదు.

వారం పోయేక ఆవిడే ఫోను చేసేరు. "రేపు పొద్దున్నే రండి. ఆ కారులోనే."

వెళ్ళేను. ఆవిడ గుమ్మం దాటి, కారు దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో మా ఆవిడ చీర. చిలకాకుపచ్చది, నేను మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు కొన్నది. పుట్టింట్లో ఎప్పుడో వదిలేసినట్టుంది.

"మీ పక్కన కూర్చోడానికి సిగ్గుపడ్డాననుకున్నారేమో" అన్నారు, నా మొహం చూడకుండానే. "ఈ వయసులో నాకేం సిగ్గండీ. రెండు సీట్ల కారు. ఒకటి మీది. రెండోది ఎవరికోసం కొన్నారో నాకు తెలీదా? అమ్మాయి చోట్లో నేనెలా కూర్చుంటానండీ?"

వెనక మనిషి ఉండకూడదని కొన్నాననుకున్నాను. అందరికీ అదే చెప్పేను. నాకూ అదే చెప్పుకున్నాను. మిల్లు గోడౌనులో ఆ అబ్బాయికి ఆయ్ అని ఎందుకన్నానో ఆవిడ చెప్తేగానీ నాకు తెలియలేదు.

ఆవిడ చీర మడత విప్పి పక్కసీట్లో పరిచేరు, ముడతల్లేకుండా చేత్తో సర్దేరు. "చిన్నప్పుడు బస్సులో దాన్ని నా ఒళ్ళో కూర్చోబెట్టుకునేదాన్ని. ఇవాళ నేను దాని ఒళ్ళో కూర్చుంటాను" అన్నారు. తలుపు పట్టుకుని, మెల్లిగా వంగి, కిందకి దిగినట్టుగా కూర్చున్నారు.

గన్నవరం వంతెన మీద గాలి విసిరికొట్టింది. ఆవిడ పైట తలమీద నిలవలేదు, రెండుసార్లు సర్దుకుని వదిలేసేరు. అప్పుడు చూసేను. పక్క నించి చూస్తే అచ్చం మా ఆవిడ గడ్డమే. ఇన్నేళ్ళలో నాకు తెలియనే లేదు. మళ్ళీ అటు చూస్తే ఎక్కడ గుద్దేస్తానోనని రోడ్డు కేసే చూస్తూ నడిపేను.

అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలిసే చోటు చూపించేను. "ఇక్కడేనా?" అన్నారు. ఇక్కడేనండీ అన్నాను. నీళ్ళల్లోకి పాదాలు మునిగేదాకా వెళ్ళి, దోసిట్లో నీళ్ళు తీసుకుని కళ్ళకద్దుకున్నారు. "బావుందండీ. గాలి బావుంది. దానికి ఉక్కపోత పడదు" అన్నారు. అని ఏడ్చేరు. నేనూ ఏడ్చేను. మా ఆవిడ పోయేక మనిషి పక్కన ఏడవడం అదే మొదలు. ఒంటరిగా ఏడ్చిందానికీ దీనికీ చాలా తేడా ఉందండీ.

సాయంత్రానికి కొత్తపేట తీసుకొచ్చి దింపేను. ఆవిడ లోపలికెళ్ళి, మామూలుగానే తలుపు వెనక నిలబడ్డారు. నేను చీర మడతపెట్టి తీసుకెళ్ళి, ఇదిగోనండీ, అన్నాను. తలుపు పక్క నించి చెయ్యి రాలేదు.

"నాకెందుకండీ. ఇంటికి తీసుకెళ్ళండి" అంది ఆ గొంతు. "దాన్నిక్కడ దింపేసి, ఒక్కరూ ఎలా వెళ్తారు?"

చీర మళ్ళీ సీట్లో పరిచేను. దారి పొడుగునా గాలికి అంచు లేస్తుంటే ఎడంచేత్తో అదిమి, సీటు సందులోకి దోపుతూ నెమ్మదిగా వచ్చేను. ఇంటిముందు ఆపి వలకింద పెడుతుంటే ఎదురింటాయన గేటు దగ్గరికొచ్చేడు.

"రేపు రాజోలు వెళ్తారాండీ? నాకూ పనుంది. పక్కసీటు ఖాళీయే కదా, ఎక్కేస్తాను. చూద్దాం ఎలా ఉంటుందో" అన్నాడు.

అన్నాళ్ళనించీ ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఎంత కాచుకున్నానో.

"ఖాళీ లేదండీ" అన్నాను.

ఆయన నా కేసి చూసేడు, సీటు కేసి చూసేడు. ఆ చీర ఆయనకీ తెలిసిందే, మా ఆవిడ కట్టుకుంటే ఎన్నిసార్లు మా గుమ్మంలో చూసుంటాడో. ఈసారి ఏమీ అడక్కుండా, గేటు చప్పుడవకుండా వేసుకుని వెళ్ళిపోయేడు.