నా భార్యకు జడ వేసిన మనిషి

దయ్యాలు, జిన్నులు అంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. మాచర్లలో మోటార్ వైండింగ్ షాపు నాది. కాలిపోయిన మోటారు విప్పితే లోపల మాడిన తీగ ఉంటుంది గాని దయ్యం ఉండదు. మా అమ్మ తాయెత్తు కోసం దర్గాకు బయల్దేరితే, "ఒకటి మోటారుకు కూడా తే, కాలకుండా ఉంటుందేమో చూద్దాం" అనేవాడిని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

వెల్దుర్తి రోడ్డులో నా బండికి గేదె అడ్డం వచ్చింది. అంతవరకే గుర్తు. గుంటూరులో తలకు ఆపరేషన్ చేశారు. తర్వాత నరసరావుపేటలో ఒక ఫిజియోథెరపీ సెంటర్‌లో ఉంచారు. ఇదంతా నా భార్య సైదాబీ చెబితే తెలిసిందే. అక్కడ గడిపిన మొదటి వారాలు నా బుర్రలో ఎక్కడా లేవు.

ఆ రోజుల్లో నేను ఇంకో మనిషినట. పేరు అడిగితే ఆలోచించేవాడినట. మెల్లగా మాట్లాడేవాడినట. సైదాబీ ఎవరో తెలియకపోయినా, కనపడగానే "అన్నం తిన్నావా" అని అడిగేవాడినట. పెళ్ళయినప్పటి నుంచి నేను ఆ మాట అడిగిన పాపాన పోలేదు.

కుడిచేతి వేళ్ళు సరిగా కదిలేవి కావు. రబ్బరు బంతి నొక్కమంటే విసిరేసేవాడినట. అక్కడి థెరపిస్ట్ మేడమ్ ఉపాయం ఆలోచించి, మీ ఆవిడకు రోజూ జడ వెయ్యమంది. కుడిచేతికి పట్టు లేక ఆ జడ ఎడమవైపు లాగి, వంకరగా వచ్చేది. రబ్బరు బ్యాండు వేయడం చేతగాక, చివరి వెంట్రుకలనే చుట్టి లోపలికి దూర్చేవాడినట. అందరూ నవ్వుతున్నా సైదాబీ సాయంత్రం దాకా ఆ జడతోనే తిరిగేది.

తర్వాత ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వాటి వెంటే నా నోరూ వచ్చింది. ఒక పొద్దున టీ చల్లారిందని సైదాబీ మీద అరిచాను. ఆ సెంటర్‌లో నాకు గుర్తున్న మొదటి సంగతి అదే. "మీ ఆయన తిరిగొచ్చాడమ్మా" అని మేడమ్ నవ్వింది. సైదాబీ వరండాలోకి పోయి ఏడ్చింది. సంతోషమనుకున్నాను.

ఇంటికొచ్చాక, ఆ రోజు ఎందుకేడ్చావని అడిగితే దాచుకోలేదు.

"నువ్వు బాగయ్యావు, అల్లా దయ. కానీ ఆయన చానా మంచోడయ్యా. పోయేటప్పుడు ఒక్క మాటన్నా చెప్పిపోలా" అంది.

నాకు ఒళ్ళు మండింది. నా ఒంట్లోనే కొన్నాళ్ళు ఉండి వెళ్ళిన వాడి మీద నేను అసూయపడాలా? రోషం కొద్దీ దువ్వెన పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి పూర్తిగా బాగైంది, సన్నటి రాగి తీగ చుట్టేస్తోంది. అయినా ఏ పాయ ఎటు పోవాలో తెలియలేదు. "పీకమాకయ్యా" అంటూ ఆమె లేచిపోయింది.

మిరపకోతల కాలంలో ఒక మధ్యాహ్నం. అమ్మ గురజాలలో మా అక్క దగ్గరికి పోయింది. సైదాబీ తలస్నానం చేసి, జుట్టు ఆరేదాకా అని చాప మీద ఒరిగి నిద్రపోయింది. నేను తలుపు గడియ పెట్టి మంచం ఎక్కాను. పడుకోగానే నిద్ర పట్టింది.

ఆమె తట్టి లేపింది. వెనక్కి తిరిగి చూపించింది. జడ వేసి ఉంది. ఎడమవైపు వంకర. చివరి వెంట్రుకలు చుట్టి లోపలికి దూర్చి ఉన్నాయి. తలుపు గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. నా వేళ్ళు వాసన చూసుకున్నాను. కుంకుడుకాయ వాసన వచ్చింది.

"నువ్వేనా?" అంది.

కాదన్నాను.

"తెలుసులే" అంది. ఆమె ముఖంలో భయం లేదు. భయపడింది నేనే.

నిద్రలో చేతులు పాత పని చేసి ఉంటాయన్నాడు డాక్టరు. మరి బాగైన చెయ్యి వంకర జడ ఎందుకు వేసిందని అడిగాను. స్కాన్ మళ్ళీ చూసి, నాకేమీ లేదన్నాడు.

తీగంతా మార్చి కొత్తగా చుట్టినా, ఆ మోటారును పాత మోటారే అంటాం. ఇన్నేళ్ళూ ఆ మాట చెప్పే బేరాలు చేశాను. నా విషయంలో మాత్రం ఆ మాట గట్టిగా అనలేకపోతున్నాను. చేతులు నావే, ఒప్పుకుంటాను. వేసింది నేను కాదు. ఎవరంటే ఇప్పటికీ చెప్పలేను.

జుట్టు విరబోసుకుని పడుకుంటే ఇంటికి మంచిది కాదని అమ్మ గొణుగుతూనే ఉంటుంది. అయినా సైదాబీ ఇప్పుడు మధ్యాహ్నం అన్నాలయ్యాక జడ విప్పుకునే పడుకుంటోంది. నేను గోడవైపు తిరిగి, తొందరగా నిద్రపోవాలని చూస్తాను.