గురువారం గద్దలు

తెనాలిలో మా వీధి మలుపులో కల్యాణ మండపం ఉంది. ముహూర్తాలు మొదలయ్యాయంటే రోజు విడిచి రోజు ఊరేగింపు, దాని ముందు టపాకాయలు. ఆ మందు వాసన తగిలితే ఎవరికైనా పెళ్ళి గుర్తొస్తుంది, లడ్డూలు గుర్తొస్తాయి. నేను మాత్రం ఆ వాసన ఇంట్లోకి రానివ్వను. గబగబా వెళ్ళి కిటికీలన్నీ మూసేస్తాను. "ఏంటి, ఇన్నేళ్ళొచ్చినా టపాకాయలంటే భయమేనా?" అని మా ఆయన నవ్వుతారు. నవ్వుకుంటే నవ్వుకోనీండి. చప్పుడుకి కాదు నా భయం, వాసనకి. చిన్నప్పుడు మా అబ్బా చొక్కా రోజూ అదే వాసన వేసేది.

మాది కర్లపాలెం. ఊరి చివర వీధిలో ఆఖరి డాబా మాదే. ఇంటి వెనక వరి పొలాలు, వాటికవతల తాటిచెట్ల వరస, ఆ వరస వెనక విమానం నడపడం నేర్పే ఒక చిన్న మైదానం ఉండేది. పెద్ద విమానాశ్రయం అనుకునేరు, అంత లేదు. ఒక రేకుల షెడ్డు, ఒక తారు దారి, గాలి ఎటు వీస్తోందో చూపించడానికి కర్రకి కట్టిన ఎర్రగుడ్డ గొట్టం, ముక్కు మీద పంకా తిరిగే బుల్లి విమానాలు రెండు. మా అబ్బా అక్కడ జీపు డ్రైవరు. డ్రైవరంటే దొరల్ని ఎక్కించుకుని తిప్పడం కాదు. విమానం లేచే ముందూ, దిగే ముందూ ఆ తారు దారి ఈ కొస నుంచి ఆ కొస దాకా జీపు పోనిచ్చి, హారన్ కొట్టి, రేకు డబ్బా వాయించి, అప్పటికీ కదలకపోతే టపాకాయ పేల్చి పిట్టల్ని తోలాలి. అదీ ఆయన ఉద్యోగం. ఊళ్ళో అందరూ ఆయన్ని "పిట్టల ఖాదర్" అనేవాళ్ళు. బళ్ళో నన్ను "పిట్టల ఖాదర్ కూతురు" అంటే ఏడుపొచ్చేది.

ఏ కాలానికి ఆ కాలం ఏదో ఒక జీవం ఆ తారు మీదికే వచ్చి చచ్చేది. వాన వెలిస్తే వానపాములు తారు మీదికి పాకేవి, వాటి కోసం తెల్లకొంగలు దిగేవి. కోతలప్పుడు రాలిన గింజల కోసం పావురాలు, దుక్కులప్పుడు పురుగుల కోసం గోరింకలు, చలికాలం తెల్లారగట్ల వెచ్చగా ఉంటుందని నక్కలు. గడ్డి పొట్టిగా కోయిస్తే పురుగులు బయటపడి పిట్టలు వాలతాయి, కోయించకుండా వదిలేస్తే కుందేళ్ళు దూరతాయి. "ముందు నుయ్యి, వెనక గొయ్యి" అని అబ్బా రాత్రి అన్నం దగ్గర కూర్చుని తల పట్టుకునేవాడు. వీటన్నిటికన్నా ఆయనకి గద్దలంటే హడలు. కొంగ చప్పుడుకి లేచిపోతుంది, గద్ద లేవదు. ఎక్కడో పైన గుండ్రంగా తిరుగుతూ, విమానం దిగే దారిలోనే తిరుగుతూ, టపాకాయకి కూడా పక్కకి జరగదు. సముద్రం వైపు చేపలు ఎండేసే ఇసుక దిబ్బల దగ్గరికీ, కోళ్ళ దుకాణాల దగ్గరికీ పోయి "గంపలు మూయండి బాబూ, ఊరికే పారబోయకండి" అని బతిమాలుకునేవాడు. పిట్ట చిన్నదే గాని విమానం వేగానికి అదొక బండరాయి అవుతుందని ఆయన చెప్పిన రోజు నుంచీ నాకు నిద్ర కరువైంది. తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే పైన మోత వినపడేది, ఒంటికాలి మీద ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబడిపోయేదాన్ని. అది తాటిచెట్ల వెనక్కి దిగి, మోత ఆగిపోయి, మళ్ళీ జీపు హారన్ వినపడే దాకా రెండో కాలు కింద పెట్టేదాన్ని కాదు. ఆట పోయినా సరే.

నాకే ఇంత భయమైతే, మా దాదీకి ఎంత ఉండాలి? అబ్బా ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఆమె దేనికైనా పుట్టెడు భయం పడేది. రంజాన్ నెలలో మసీదు నుంచి గంజి తేవడానికి గిన్నె పట్టుకుని నేను వీధి దాటితే, తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడేది. బక్రీద్ తర్వాత మాంసం చీలికలకు ఉప్పూ పసుపూ రాసి, దారానికి గుచ్చి డాబా మీద తోరణాల్లా ఆరేసేవాళ్ళం. ఆ ఎండు మాంసం వేయించిన నూనె వాసన ఇప్పటికీ నాలుక మీదుంది. దానికి కర్ర పట్టుకుని కాపలా మా పిల్లలదే. కాపలా నుంచి కిందికి దిగగానే, గద్ద గోరు ఎక్కడన్నా గీరుకుందేమోనని దాదీ మా తలలు తడిమి చూసేది. అంత భయస్తురాలు గురువారం వచ్చేసరికి మాత్రం అవే గద్దల్ని తనే పిలిచేది.

గురువారం తెల్లారకముందే కొట్టు నుంచి కార్జం ముక్కలు తెప్పించేది. అబ్బా ఇంకా నిద్రలో ఉండగానే ఆ పొట్లం ఆయన తల చుట్టూ తిప్పి, పెదాలు కదిలీ కదలనట్టు ఏదో చదివి ఊదేది. అది సద్ఖా. మీ ఇళ్ళల్లో దిష్టి తీస్తారే, అలాంటిదే అనుకోండి. మనిషి మీదికి రావలసిన బలా, అంటే కీడు, ఆ మాంసంలోకి దిగుతుందట. అబ్బా గడప దాటి వీధి మలుపు తిరగ్గానే నా చెయ్యి పట్టుకుని డాబా ఎక్కేది. ఆమె ఎక్కేసరికే గద్దలు తయారుగా ఉండేవి, వాటికి కూడా వారాలు తెలుసేమో మరి. ముక్క పైకి విసిరితే కింద పడేది కాదు. రెక్కలు కొట్టుకున్న చప్పుడు, ఒక నీడ, అంతే, ముక్క మాయం. నేను ఆమె చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకునేదాన్ని. ఈ సంగతి అబ్బాకి చెప్పకూడదు, చెప్తే ఫలం పోతుంది. మా అమ్మ ఒకసారి "అదేదో ఆకలితో ఉన్నవాళ్ళకి పెట్టొచ్చుగా అత్తమ్మా" అంది.

"మనిషికి పెడితే మనిషి దగ్గరే ఉంటుందే. గద్దయితే నేరుగా పైకి మోసుకుపోతుంది" అంది దాదీ.

పైకి అంటే ఎక్కడికో మేమెవరం అడగలేదు. అబ్బా క్షేమంగా ఇంటికొస్తున్నాడు, అది చాలనుకున్నాం.

ఆ గురువారం తుఫాను వాన వెలిసిన మర్నాడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. రెండు రోజుల నుంచి ఆకలితో ఉన్నాయో ఏమో, గద్దలు ఎప్పుడూ లేనన్ని వచ్చాయి. దాదీ విసురుతోంది, అవి ఒకదాని మీద ఒకటి పడి లాక్కుంటున్నాయి. ఇంతలో మోత వినపడింది. బుల్లి విమానం మా డాబా మీదుగా దిగడానికి వస్తోంది. రోజూ వచ్చే దారే అది. కాని ఆ రోజు ఆ దారి నిండా గద్దలున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. దబ్బుమని ఒక్కటే చప్పుడు, తడిబట్ట బండకేసి కొట్టినట్టు. మోత గరగరలాడింది. విమానం ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ నిటారైనట్టే అయి, తాటిచెట్ల వెనక్కి దిగిపోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను జీపు హారన్ కోసం చెవులు రిక్కించాను. హారన్ రాలేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.  కొడుకు ఆ తారు మీదే ఉన్నాడని దాదీకి తెలుసు. అంత భయంలో పాపం ఆమెకి తెలిసిన ఉపాయం ఒక్కటే. పొట్లంలో మిగిలిన ముక్కలన్నీ గుప్పిట నిండా తీసి, "యా అల్లా, నా బిడ్డ, నా బిడ్డ" అంటూ ఆకాశంలోకి విసరడం మొదలుపెట్టింది. చెదిరిన గద్దలు మళ్ళీ చేరాయి. అప్పుడు చూశాను, దూరంగా సముద్రం వైపు రెండో విమానం దిగడానికి దారి లేక గుండ్రంగా తిరుగుతోంది.

ఇంతలో వీధిలోకి జీపు దూసుకొచ్చింది. గద్దలు ఏ ఇంటి మీద లేస్తున్నాయో చూసుకుంటూ, మైదానంలోంచి వాటి వెంటే తోలుకొచ్చాడు అబ్బా. ఆ ఇల్లు తనదే అవుతుందని ఆయన మాత్రం కలగన్నాడా? జీపు దిగి తల పైకెత్తి, చెయ్యెత్తి నిలబడ్డ తల్లిని చూసి కొయ్యబారిపోయాడు. ఒక్క క్షణమే. తర్వాత "అమ్మా! ఆగమ్మా! వెయ్యొద్దు!" అని అరుస్తూ మెట్లెక్కి వచ్చి, ఆమె గుప్పిట తన రెండు చేతుల్లో బిగించి పట్టుకున్నాడు. కొడుకు బతికే ఉన్నాడని ఆమె ఏడుస్తోంది. ఆయన ఏడవడం లేదు, పైకే చూస్తున్నాడు. జేబులోంచి టపాకాయలు తీసి, నన్ను మెట్ల గదిలోకి తోసి, మా డాబా మీదే పేల్చాడు. ఒకటి పేలినా గద్దలు జరగలేదు, రెండోది పేలినా జరగలేదు. పొట్లంలో ఏమీ మిగల్లేదని వాటికి తెలిశాక ఒక్కొక్కటే పక్కకి జారిపోయాయి. రెండో విమానం మా మీదుగా వెళ్ళి తాటిచెట్ల వెనక్కి దిగింది. చక్రాలు నేలకి తాకి కీచుమన్న చప్పుడు అంత దూరం నుంచీ వినపడింది. అప్పుడు అబ్బా పిట్టగోడకి ఆనుకుని కూలబడ్డాడు. నేను వెళ్ళి ఆయన చొక్కాలో తల దూర్చేశాను. మందు వాసనా, చెమట వాసనా. 

"నీ కోసమే రా బేటా. నీ మీది బలా పైకి పోవాలనే" అంది దాదీ.

"పైకి పోయి ఎక్కడ దిగుతుందనుకున్నావమ్మా?" అన్నాడు అబ్బా. కోపంగా కాదు, ఓపిక లేనట్టు అన్నాడు. గద్ద తగిలి మొదటి విమానం అద్దం పగిలిందట. నేర్చుకునే కుర్రాడట, మీసాలైనా సరిగా రాలేదట. నుదుటి మీద రక్తం కారుతూనే ఎలాగో దింపి, కిందికి దిగాక అబ్బా చెయ్యి పట్టుకుని వదల్లేదట, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయట.

దాదీ చేతికంటిన రక్తం చూసుకుంటూ కూర్చుంది. చివరికి "వాడికి తల్లి ఉందా?" అని అడిగింది.

"ఉండదా అమ్మా?"

అంతకు మించి ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అబ్బా ఆమెను ఒట్టు వేయమని అడగలేదు. కాని మళ్ళీ గురువారం వచ్చేసరికి మా ఇంట్లో ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. వేస్తే ఎవరి బిడ్డ మీదికో పోతుంది, వేయకపోతే తన బిడ్డ మీద ఉండిపోతుంది. ఏ తల్లి ఏం చేయగలదు, మీరే చెప్పండి! కొట్టు నుంచి పొట్లం రాలేదు. అబ్బా వీధి మలుపు తిరిగాడు. గద్దలు మాత్రం ఎప్పటిలాగే వచ్చేశాయి. డాబా మీద అవి కీచుమని అరుస్తుంటే దాదీ కింద ఉండలేక పైకెక్కింది, వెనకే నేను. ఖాళీ చేతులతో పిట్టగోడ పట్టుకుని నిలబడింది. అవి కిందికి, ఇంకా కిందికి వచ్చాయి. ఒకటి ఆమె తల మీద కొంగు లాగేసి పోయింది. నెరిసిన జుట్టు గాలికి రేగుతుంటే "పోండి, పోండమ్మా, ఏం లేదు" అంటోందే గాని గోడ మీది చేతులు తీయలేదు. ఆ చేతులు తీస్తే ఏదో ఒకటి విసిరేస్తానేమోనని ఆమె భయం. నేను వాటి మీద నా చేతులు వేశాను, నా భయం నాది. ఆ రోజు అన్నం వండలేదు. సాయంత్రం సందులో అబ్బా దగ్గు వినపడేదాకా ఇద్దరం గడపలోనే కూర్చున్నాం. ఆయన్ని చూసి దాదీ "వచ్చావా" అని మాత్రం అని, లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

వానలు పోయి చలి వచ్చింది. గద్దలు కొన్నాళ్ళు మా డాబా చుట్టూ తిరిగి, ఇక్కడేమీ దొరకదని తెలుసుకుని మానేశాయి. దాదీ భయం మానలేదు, నాదీ మానలేదు. గురువారాలు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గడిపేవాళ్ళం. అబ్బా మాత్రం రోజూ ఇంటికొచ్చాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వచ్చాడు.

ఇప్పుడు ఆ మైదానం లేదు. బాపట్ల వెళ్తూ బస్సులోంచి చూస్తే తాటిచెట్లు కూడా కనిపించవు, అంతా సర్కారు తుమ్మ, ఆ వెనక రొయ్యల చెరువులు. తెనాలి ఆకాశంలో గద్ద కనిపించి ఎంత కాలమైందో గుర్తు కూడా రావడం లేదు. దాదీ పోయింది. అబ్బా రేపల్లెలో మా తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. తమ్ముడి సైకిల్ కొట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్తాడు, నాతో కన్నా వాళ్ళతోనే ఎక్కువ మాట్లాడతాడు.

మొన్న నా కూతురు ఉద్యోగంలో చేరడానికి మొట్టమొదటిసారి విమానం ఎక్కింది. దిగేది నేనెప్పుడూ చూడని ఊళ్ళో. విమానం లేచిందని తెలిసినప్పటి నుంచి ఒక్క చోట కూర్చోలేదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకెళ్ళానో మర్చిపోతాను. ఆఖరికి అబ్బాకి ఫోన్ చేశాను. "భయంగా ఉంది అబ్బా" అన్నాను, చిన్నపిల్లలా.

"అక్కడా నాలాంటోడు ఒకడు తిరుగుతుంటాడులేవే" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నాకు ఆ జీపువాడు కాదు, వాడి తల్లి కళ్ళ ముందు మెదిలింది. ఆ ఊరి చివర ఏదో ఒక డాబా మీద, పేరు తెలియని ఒక ముసలామె నా బిడ్డ కోసం తన చేతులు ఆపుకుని నిలబడి ఉంటుంది. నమాజు చాప పరిచి కూర్చున్నాను. కూతురి నుంచి "దిగానమ్మీ" అని మెసేజ్ వచ్చింది. అయినా చాప మీది నుంచి నేను లేవలేదు. సాయంత్రానికి ఆ తల్లి కొడుకు కూడా ఇంటికి చేరాలి కదా.