గేటుకు అటొకరు, ఇటొకరు

మాది పుంగనూరు దగ్గర పల్లె. మా వైపు రైలు గురించి మాట్లాడుకున్నంతగా ఇంకెక్కడా మాట్లాడుకోరు, లేదు కాబట్టి. డిగ్రీ మదనపల్లెలో చదివాను. ఆ ఊరికి స్టేషన్ ఉంది గానీ, స్టేషన్ దగ్గర ఊరు లేదు. రైలు దిగి మళ్లీ బస్సెక్కితేనే మదనపల్లె వచ్చేది. పెళ్లయి కుప్పం వచ్చాక ఆ కరువంతా తీరింది. మా అత్తవారి ఇంటి వీధి చివరే పట్టాలు, పట్టాల మీద గేటు. రైలు పోతే వంటింట్లో గిన్నెలు కూడా కబుర్లు చెప్పుకుంటాయి.

మా మామకు ఆ గేటంటే పగ. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ప్యాసింజర్లో బెంగళూరుకు పోయి వచ్చిన మనిషి. స్టేషన్ గేటుకు అవతల. ఆయన ఎక్కాల్సిన రైలు కోసమే గేటు వేసేవాళ్లు. ఇవతల నిలబడి తన రైలు తన కళ్లముందే వెళ్లిపోవడం చూసిన రోజులున్నాయట. అందుకే గేటు తీసేసి అండర్‌పాస్ కట్టాలని ఆయన పట్టు.

మా నాయన ఆవులు మేపుకునే రైతు. అప్పటికి రైలెక్కి ఎరగడు. కుప్పం వచ్చినప్పుడల్లా గేటు దగ్గరే కూర్చునేవాడు.

"రైలు పోతాంటే నిలబడి సూసేదానికి ఏం నొప్పి బావా? మాకా భాగ్యమే లేదే!" అనేవాడు.

"నువ్వు సూసేదానికొచ్చినావు బావా. మేం పనికి పోవల్ల," అనేవాడు మామ.

అన్నం ముందు కూర్చున్నా ఇదే వాదన. అత్తా నేనూ వడ్డించి పక్కకు తప్పుకునేవాళ్లం.

నాకు పాప పుట్టాక, పాలకని నాయన ఒక ఆవునూ దూడనూ ట్రాలీ ఆటోలో తెచ్చాడు. సరిగ్గా ఆయన వచ్చేసరికి గేటు పడింది. ఆవు ఆటోలో కుదురుగా ఉండటం లేదని రెండింటినీ దించి, తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురు పోదామని మామా నేనూ ఇవతల గేటు దగ్గరికి వచ్చాం. వియ్యంకులిద్దరూ పట్టాలకు అటూ ఇటూ నిలబడి కేకలు మొదలుపెట్టారు.

"ఇప్పుడు సెప్పు బావా, గేటు మంచిదేనా?"

"మంచిదే! అర్జెంటుగా యాడికి పోవల్ల నేను?"

ఆయన ఆ మాట పూర్తి చేసేలోపు దూడ తాడు విదిలించుకుని గేటు కమ్మీ కింద దూరింది. దూరంగా గూడ్సు కూత వేసింది. గేట్‌మన్ ఎర్రజెండా పట్టుకుని అరుస్తూ పరిగెత్తాడు. దూడ మాత్రం పట్టాల మధ్య ఒకసారి నిలబడి, రాళ్లు వాసన చూసి, ఇటు గెంతింది. మామ కమ్మీ మీద వంగి దాని మెడ చుట్టూ చేతులేసి లాగేశాడు. వెంటనే గూడ్సు అడ్డం వచ్చేసింది.

అది ఎంత పొడుగు రైలో! అవతల ఆవు అంబా అని అరుస్తోంది. దూడ ఏమైందో నాయనకు తెలియదు. పెట్టెకూ పెట్టెకూ మధ్య సందులో ఆయన నెత్తిన తువాలు తెల్లగా మెరిసి మాయమవుతోంది. మామకు ఏం తోచిందో, దూడను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు, సందుల్లోంచి కనబడాలని. "ఈడుండాది బావా! బాగుండాది!" అని గొంతు చించుకున్నాడు. చక్రాల మోతలో నాకే సరిగా వినిపించలేదు. రైలు దాటేవరకూ దూడను దించలేదు. ఆ పెద్దమనిషిని అలా చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

గేటు ఎత్తారు. రెండు వైపులా బండ్లు రోడ్డంతా నిండి ఎదురెదురుగా ఇరుక్కున్నాయి. ఆవు మాత్రం ఎవరికీ హారన్ కొట్టకుండా సందు చూసుకుని దూడ దగ్గరికి వచ్చేసింది. వెనకే నాయన. వచ్చి మామ చేతులు పట్టుకున్నాడు.

ఆ వారంలోనే గేటు తీసే విషయమై జనాన్ని అడగడానికి అధికారులు స్కూలు దగ్గరికి వచ్చారు. నాయన అందరికంటే ముందు లేచాడు.

"గేటు వద్దు సార్. అండర్‌పాసే కట్టండి."

"మీది ఏ వార్డు?"

"చౌడేపల్లె కాడ సార్, పుంగనూరు పక్కన."

జనం గొల్లుమన్నారు. "మీ ఊర్లో గేటు ఉందా?" అన్నాడు అధికారి నవ్వు ఆపుకుంటూ.

"గేటూ లేదు, రైలూ లేదు సార్. కానీ నా ఆవు ఈడే ఉండాది."

తర్వాత మామ లేచాడు. ఇన్నేళ్ల వాదన ఇప్పుడు ఒక్కసారిగా వింటామని అందరం చెవులు రిక్కించాం. "గేటు ఉండనీండి సార్. వానొస్తే అండర్‌పాస్‌లో నీళ్లు నిలబడతాయి," అన్నాడాయన. అది అబద్ధమేమీ కాదు. కానీ అసలు సంగతి ఇంట్లో మా అందరికీ తెలుసు. దూడను పట్టిన రోజు నుంచి గేటు దగ్గర ఆగిన ప్రతివాళ్లూ ఆయన్ను పలకరించి ఆ కథ మళ్లీ చెప్పించుకుంటున్నారు.

"ఏం బావా, ఇట్ల మారిపోతివి?" అన్నాడు నాయన.

"నువ్వు మారలేదా యేంది?"

గేటు ఇంకా అలాగే ఉంది. అధికారులు అండర్‌పాస్‌కు కొలతలు మాత్రం తీసుకుని వెళ్లారు.

నాయన ఊరికి బయల్దేరే ముందు మామ ఆయన్ను ప్యాసింజర్లో బంగారుపేట దాకా తీసుకెళ్లి తెచ్చాడు. పని ఏమీ లేదు, ఊరికే. కిటికీ పక్క సీటు ఇప్పించాడు. దారిలో ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి వీళ్ల బండిని పక్క లైన్లో చాలాసేపు ఆపేశారట. అందరూ విసుక్కుంటుంటే నాయన పక్కన కూర్చున్నావిడతో ఆవుల గురించి మాట్లాడి, ఆమె పెట్టిన వేరుశనగలు తిని, ఆమె ఊరూ పేరూ బంధువులూ అన్నీ కనుక్కుని వచ్చాడు.

రాత్రికి అమ్మకు ఫోన్ చేసి చెబుతుంటే విన్నాను.

"మనూరికి ప్యాసింజరే రావల్లమ్మే. ఎక్స్‌ప్రెస్ మనకొద్దు. దాంట్లో ఉండేవాళ్లకు మాట్లాడుకునేదానికి టయిం యాడుంటాది?"